తలుపు లేని రేకు గొట్టం

మా భవనంలో రేకులాయన అంటే రెండో అంతస్తులో ఉండే పొడుగాటి మనిషి. రేకు కత్తిరించి, మడిచి, రివెట్లు కొట్టి చల్లగాలి పోయే గొట్టాలు తయారుచేయడం ఆయన పని. గోరుతో టిక్కుమని కొట్టి రేకు మందం చెప్పేవాడు. ఒకసారి పందెం వేసి నా నుదుటి మీద కూడా కొట్టించుకున్నాను. "పలచన," అన్నాడు. పక్కనే ఉన్న మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ మరచిపోలేదు.

మాది ఐదంతస్తుల భవనం. డాబా మీద అందరికీ కలిపి ఒకే పెద్ద ఏసీ యంత్రం ఉండేది. అక్కడ చల్లబడిన గాలి పైకప్పుల్లో దాగిన రేకు గొట్టాల గుండా దిగి, కొమ్మలుగా చీలి, ప్రతి గదిలోనూ ఒక జాలీలోంచి బయటికి వచ్చేది. ఆ గొట్టాలన్నీ భవనం కడుతున్నప్పుడు రేకులాయనే చేశాడు. తరవాత వాటిని చూసుకునే ఉద్యోగానికి ఇక్కడే కుదిరి కాపురం పెట్టాడు. ఆయన భార్య వచ్చిన మొదటి రోజే నన్ను "అన్నయ్యా" అని పిలిచింది. దాంతో ఆమె నాకు చెల్లెమ్మ, ఆయన బావ అయిపోయారు. ఇక ఒకరినొకరు ఏడిపించుకోవడానికి ఇద్దరికీ లైసెన్సు దొరికినట్టే.

ఆయన గర్వమంతా ఒకే విషయంలో ఉండేది. గొట్టం లోపల చూడడానికి, తుడవడానికి అక్కడక్కడ చిన్న తలుపులు పెట్టడం మామూలు. ఆయన ఒక్కటి కూడా పెట్టలేదు. "తలుపంటే సందు. సందంటే గాలి కారడం. నా గొట్టంలోంచి చీమ ఊపిరి కూడా బయటికి పోదు," అనేవాడు. డాబా మీద దూరిన దోమ ఒకటి దారి దొరక్క వారం రోజులు తిరిగి, కింది అంతస్తులో తుమ్ముతూ బయటపడిందని నేను చెబితే పిల్లలంతా నమ్మారు. పెద్దవాళ్ళలో కూడా ఇద్దరు నమ్మారు.

అయితే గాలితో పాటు మాటలు కూడా ఆ గొట్టాల్లో ప్రయాణం చేసేవి. కింది అంతస్తు టైలరు భార్యతో పడే గొడవ మొదటి అంతస్తులో ఉన్న మా హాల్లో స్పష్టంగా వినబడేది. ఒక మధ్యాహ్నం నాకు నోరు ఊరుకోలేదు. స్టూలెక్కి, జాలీకి మూతి ఆనించి, గొంతు బొంగురు చేసి, "ఆ జేబు వంకరగా ఉంది, విప్పి కుట్టు," అన్నాను. కింద కుట్టుమిషను టక్కున ఆగిపోయింది. ఆ తరవాత రెండు నెలల పాటు ఆ గొంతు భవనంలో చాలామందికి చాలా సలహాలిచ్చింది. అది ఎవరిదో ఎవరికీ తెలియలేదు. తమ మాటలు ఎవరు వింటున్నారోనని జనం గుసగుసల్లో కాపురాలు చేశారు. చివరికి అందరూ కలిసి రేకులాయన మీద పడ్డారు.

ఆయన పదకొండు రోజులు కష్టపడ్డాడు. గొట్టాలు ముక్కలుగా విప్పి, లోపలి వైపు కంబళి లాంటి దళసరి ఫెల్టు జిగురుతో అతికించి, మళ్ళీ బిగించాడు. మాట ఆగిపోయింది. గాలి వస్తున్న చప్పుడు కూడా లేదు. మెట్ల దగ్గర నిలబడి అందరూ ఆయనకు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

మూడేళ్ళు గడిచాక చెల్లెమ్మకు దగ్గు మొదలైంది.

ఆమె ఉద్యోగం బస్టాండులో, మైకు ముందు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద నుంచి, ఎన్ని గంటలకు, ఏయే ఊళ్ళ మీదుగా పోతుందో చెప్పాలి. పొడుగు రూటు బస్సుకైతే పద్నాలుగు ఊళ్ళు. ఆ పద్నాలుగూ ఆమె ఒక్క ఊపిరిలో చెప్పేది. వినడానికి బస్సు ఎక్కని వాళ్ళు కూడా ఆగేవారు. అలాంటిది ఏడో ఊరి దగ్గర ఆగిపోవడం మొదలైంది. ఊపిరి తీసుకుంటే ఛాతీలో పిల్లి కూన కూసినట్టు చప్పుడు. ఈ నెలాఖరుకు తగ్గకపోతే మైకు ఇంకొకరికి ఇచ్చేస్తామని పై అధికారి మర్యాదగానే చెప్పాడు.

డాక్టరు ఇన్‌హేలరు రాసిచ్చి, "ఇంట్లో దుమ్ము ఎక్కడుంది?" అని అడిగాడు.

రేకులాయనకు కోపం వచ్చింది. "మా ఇంట్లో దుమ్మా? ప్రతి ఆదివారం జాలీ నేనే తుడుస్తాను. డాబా మీద ఫిల్టరు నేనే మారుస్తాను," అన్నాడు.

వేరే ఎక్కడైనా నాలుగు రోజులు ఉండి చూడమన్నాడు డాక్టరు. చెల్లెమ్మ వాళ్ళక్క ఇంటికి వెళ్ళింది. పదో రోజున ఆమెను తీసుకురావడానికి వెళుతూ రేకులాయన నన్ను కూడా వెంటబెట్టుకున్నాడు.

వెళ్ళేసరికి చెల్లెమ్మ వంటింట్లో ఏదో పాడుతోంది. పాట మధ్యలో ఎక్కడా దగ్గు లేదు. మేమిద్దరం హాల్లో కూర్చుని, గోడ మీది స్ప్లిట్ ఏసీ వంక చూస్తున్నాం. నేను చూస్తున్నాను, ఆయన కొలుస్తున్నాడు.

"ఏం మరిదిగారూ, అలా చూస్తున్నారు? దిష్టి తగిలేను," అంది చెల్లెమ్మ వాళ్ళక్క.

"గోడకి డబ్బా తగిలించి దాన్ని ఏసీ అంటే ఎలా వదినా? ఇది ఒక్క గదికే కదా."

"నేనూ ఒక్కదాన్నే కదా? ఒకేసారి ఎన్ని గదుల్లో కూచుంటాను? లేచి వెళ్ళేటప్పుడు ఆపేస్తాను. మీ భవనంలోలాగా ఐదో అంతస్తాయనకి ఉక్కపోస్తే కిందాయన వణకాలా?"

నేను నవ్వాను. రేకులాయన నావైపు ఉరిమి చూశాడు. ఆమె అంతటితో ఊరుకోలేదు. డబ్బా ముందు మూత ఎత్తి, రెండు ఫిల్టర్లు బయటికి లాగి, పెరటి కుళాయి కింద పట్టింది. మట్టి రంగు నీళ్ళు కారాయి. "పదిహేను రోజుల దుమ్ము ఇది," అంది.

"మా ఇంట్లో జాలీ తుడిస్తే ఇందులో పావు వంతు కూడా రాదు," అన్నాడు రేకులాయన గొప్పగా. అన్నాక ఆయన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. కాలవలోకి పోతున్న ఆ నీళ్ళనే చూస్తూ, మెల్లగా నాతో అన్నాడు: "మరి మనింటి దుమ్మంతా ఎక్కడికి పోతోంది బావగారూ?"

చెల్లెమ్మ సంచి సర్దుకోలేదు. "నేను రాను. అలిగి కాదు. ఇక్కడ పొద్దున్నే పెరట్లో నిలబడి పద్నాలుగో ఊరి దాకా చెప్పాను. అక్కడికొస్తే మళ్ళీ ఏడు దగ్గరే ఆగిపోతాను. మీ గొట్టం సంగతి తేల్చి అప్పుడు పిలవండి," అంది.

తిరుగు దారిలో నేను దోమ కథకు కొత్త ముగింపు చెప్పినా ఆయన నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళ వరండాలో నిచ్చెన వేశాడు. పైకప్పు పలక ఒకటి తీసి, గొట్టం మీద పెన్సిలుతో జానెడు చదరం గీశాడు. గీత గీసేటప్పుడు కూడా స్కేలు వంకర పోకుండా చూసుకున్నాడు. తరవాత రేకు కత్తెర తీసుకుని, తన గొట్టానికి తానే కన్నం పెట్టాడు.

ముందు వాసన వచ్చింది. తడిబట్టలు పెట్టి మూసేసిన ట్రంకుపెట్టె తెరిస్తే వచ్చే వాసన. ఆయన మోచేతి దాకా లోపల పెట్టి లాగితే ఫెల్టు పిడికెడు ఊడి వచ్చింది. ఒకప్పుడు బూడిద రంగులో ఉండేది ఇప్పుడు నల్లగా, నానిన కంబళి ముక్కలా ఉంది. దాని మీద నూగులా బూజు.

ఆయన నిచ్చెన మెట్టు మీద కూలబడ్డాడు. "చల్లగాలి వెంట తడి ఉంటుందని నాకు తెలియదా బావగారూ? ముప్పై ఏళ్ళుగా తెలుసు. చప్పుడు ఆపాలన్న యావలో ఆ తడి ఎక్కడ చేరుతుందో ఆలోచించలేదు. పోనీ చూద్దామన్నా తలుపు పెట్టలేదు. మూడేళ్ళుగా మా ఆవిడ చేత ఈ బూజు పీల్పించింది నేనే."

నేను చదువుకున్న కాన్వెంటులో, తప్పు చేసినవాళ్ళు ఎవరూ అడగకముందే చెయ్యి ఎత్తాలని ఒక సిస్టరు గారు నియమం పెట్టారు. చదివినన్నాళ్ళూ నేను ఎత్తలేదు. ఆ రోజు మాత్రం నిచ్చెన కింద నిలబడి ఎత్తాను.

"బావా, ఆ జాలీలో గొంతు నాదే. నేను నోరు మూసుకుని ఉంటే నీకు ఫెల్టుతో పని పడేది కాదు."

"తెలుసు," అన్నాడు. "మీకు జలుబు చేసిన వారం ఆ గొంతుకీ జలుబు చేసింది."

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు మానేసేవారు. నాకు పని ఉండేది కాదు. చప్పుడు లేని గొట్టం చేసి చూపించాలని నాకు ఉబలాటంగా ఉండేది." చేతిలోని ఫెల్టు వంక చూశాడు. "చేసి చూపించాను."

రెండు రోజుల తరవాత ఏసీ మెకానిక్ రెండు డబ్బాలతో వాళ్ళింటికి వచ్చాడు, ఒకటి గది గోడకు, ఒకటి బయటికి. రేకులాయన వకీలులా ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఈ రెంటికీ మధ్య ఏముంటుంది?"

"ఈ రాగి పైపులండీ. లోపల గ్యాసు తిరుగుతుంది. గాలి ఎక్కడికీ ప్రయాణం చెయ్యదు. ఈ గదిలో గాలిని పీల్చి, ఇక్కడే చల్లబరిచి, ఇక్కడే వదులుతుంది. దారిలో కారిపోయేదేం లేదు."

"తడి మాటేమిటి?"

"ఈ సన్న గొట్టంలోంచి బయటికి కారిపోతుంది. అది పూడిపోకుండా చూసుకోండి."

"లోపల చూడాలంటే ఏం విప్పాలి?"

మెకానిక్ రెండు వేళ్ళతో ముందు మూత పైకి ఎత్తాడు. "ఇంతేనండీ. కాని ఫిల్టరు కడక్కుండా వదిలేస్తే దీంట్లోనూ బూజు పడుతుంది. ఏడాదికోసారి నన్ను పిలవాలి."

గోడకు మణికట్టు లావు కన్నం ఒకటి పడింది, అంతే. మెకానిక్ వెళ్ళిపోయాక రేకులాయన ఆ మూతను నాలుగుసార్లు తెరిచి మూశాడు. తరవాత పాత జాలీ ఊడదీసి, ఆ చోట రేకు మూత పెట్టి, అంచులు మడిచి రివెట్లు కొట్టాడు.

కబురు పంపిన నాలుగో రోజున చెల్లెమ్మ వచ్చింది. ఆమె గదిలో కూర్చుంటే మేమిద్దరం దొంగల్లా ఆమె ఊపిరినే గమనిస్తూ కూర్చున్నాం. అరగంట గడిచింది.

"ఏంటి అలా చూస్తారు ఇద్దరూ? బాగానే ఉంది. చప్పుడు కూడా లేదు," అంది. తరవాత రేకు మూత వైపు చూసింది. "మన గదికి సరే. టైలరుగారు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జాలీ కిందే కూచుని కుడతారు కదా?"

"యంత్రం ఆపించి, ఏదో మరమ్మతని చెబుతాలే," అన్నాడు రేకులాయన.

"ఏ మరమ్మతు?"

ఆ సాయంత్రం రేకులాయన, ఒకప్పుడు తనకు చప్పట్లు కొట్టిన మెట్ల దగ్గరికే అందరినీ పిలిచాడు. బిస్కట్ల డబ్బాలో నల్లబడిన ఫెల్టు తెచ్చి చూపించాడు. ఏం చేశాడో, ఏం చూడకుండా వదిలేశాడో, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. నేనూ చెయ్యి ఎత్తి నా వంతు చెప్పాను. నన్ను చూసి ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు.

"నా దగ్గు కూడా దీనివల్లేనా?" అన్నాడు టైలరు.

"తెలియదు. కావచ్చు."

"ఆరు నెలలుగా దగ్గుతున్నాను. మెట్ల మీద కనబడినప్పుడల్లా 'వేడినీళ్ళు తాగండి' అని చెప్పావు నువ్వు. ఇక మా గడప తొక్కకు."

ఆ పూటే యంత్రం ఆపేశారు. రెండు వారాల పాటు రేకులాయన గొట్టాల్లోంచి ఫెల్టంతా గీకి సంచుల్లో దించాడు. ఇంటింటికీ వెళ్ళి జాలీలకు రేకు మూతలు బిగించాడు. కొందరు గోడ ఏసీలు పెట్టించుకున్నారు, కొందరు కిటికీలు తెరిచి ఫ్యాన్లతో సరిపెట్టుకున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొందరు ఆయన పని చేస్తున్నంతసేపూ పక్క గదిలోకి వెళ్ళిపోయేవారు. నెలాఖరున చెల్లెమ్మ మైకు ముందు కూర్చుంటే నేను బస్టాండు బెంచీ మీద కూర్చుని లెక్కపెట్టాను. పదకొండో ఊరి దగ్గర ఆగింది. ఊపిరి తీసుకుని మిగతా మూడూ చెప్పింది. అధికారి ఇంకో నెల చూద్దామన్నాడు.

ఆఖరుకు రెండు జాలీలు మిగిలాయి. ఒకటి మాది. రెండోది టైలరుది, ఆయన తలుపు తీయలేదు. ఒక పగటిపూట రేకులాయన మూత పట్టుకుని మా ఇంటికి వచ్చాడు, రివెట్ల సంచితో చెల్లెమ్మ వెనకాలే వచ్చింది. ఫెల్టు పోయింది కదా, మళ్ళీ అన్నీ వినబడుతున్నాయి. మా జాలీలోంచి కుట్టుమిషను చప్పుడు, దాని మధ్య మధ్యలో టైలరు దగ్గు. రేకులాయన మూత చేత్తో పట్టుకుని దగ్గు ఆగుతుందేమోనని నిలబడ్డాడు. అది ఆగడం లేదు.

చెల్లెమ్మ స్టూలు లాక్కుని ఎక్కింది. జాలీకి నోరు దగ్గరగా పెట్టి, బస్టాండు గొంతుతో మొదలుపెట్టింది: "కింది అంతస్తు ప్రయాణికులకు గమనిక, రెండో అంతస్తు నుంచి బయలుదేరిన ఒక మనిషి రేకు మూత పట్టుకుని మీ గుమ్మం దగ్గరకు వస్తున్నాడు, ఆయన్ని తిట్టాలనుకుంటే తిట్టండి, మాట్లాడకపోయినా పరవాలేదు, తలుపు మాత్రం తియ్యండి."

అంతా ఒక్క ఊపిరే. కింద మిషను ఆగింది.

"ఇది ఆ ముసలాడి గొంతు కాదే," అంది టైలరు భార్య.

దగ్గు. మళ్ళీ దగ్గు. తరవాత టైలరు: "రమ్మను. నేను మాట్లాడను గాని, రమ్మను."

రేకులాయన మా జాలీ సంగతి మరచిపోయి మూత, సంచి పట్టుకుని మెట్లు దిగిపోయాడు. మేము జాలీ కిందే నిలబడి విన్నాం. తలుపు తీసిన చప్పుడు. కుర్చీ జరిపిన చప్పుడు. మాటలు లేవు. రివెట్లు ఒకటొకటిగా పడుతున్నాయి, మధ్యలో దగ్గు వినబడుతోంది. ఆరో రివెట్టు పడ్డాక అన్నీ వినబడకుండా పోయాయి.

దగ్గు తగ్గిందో లేదో ఇక ఇక్కడి నుంచి తెలిసే దారి లేదు. చెల్లెమ్మ స్టూలు దిగి చెప్పులు వేసుకుంది. నేను కూడా నా చెప్పుల కోసం వెతుక్కున్నాను.