గడియ గిన్నెకు కళాయి

1955 వేసవిలో కర్నూలులోని ఒక చిన్న ప్రదర్శనశాలలో నన్ను తాత్కాలిక సహాయకురాలిగా వేశారు. వచ్చిన ప్రతి పాత వస్తువుకూ నంబరు వేసి, కొలతలు తీసి, రిజిస్టరులో వివరం రాయడం నా పని. మనుషులతో మాట్లాడాలంటే బిడియపడే నాకు అది సరిపోయింది.

పై అధికారుల తనిఖీకి పదిరోజుల ముందు బనగానపల్లె వైపు నుంచి పాత గుడి సామాను వచ్చింది. అందులో అరగోళంలాంటి పలుచని రాగి గిన్నె ఒకటి, అడుగున సన్నని చిల్లితో ఉంది. పాత్రలన్నీ కళాయికి పంపుతూ, దాని చిల్లి కూడా మూయమని కళాయి మస్తాన్‌కు చెప్పాను. అతను చిల్లిని వెడల్పు చేసి, రాగి మేకు కొట్టి, గుర్తు తెలియకుండా నున్నగా చేసి, కళాయి పూసి తెచ్చాడు. పనితనం చూసి మెచ్చుకున్నాను.

సొట్టలు తీయడానికి వచ్చిన ముసలి కంచరి ఓబులయ్య ఆ గిన్నె అడుగును బొటనవేలితో తడిమాడు.

"ఎవురు మూసినారు పాపా? దీని ఊపిరి తీసినారే."

నేనే మూయించానన్నాను. అది గిన్నె కాదని, గడియారమని చెప్పాడు. నీళ్ల గంగాళంలో తేలవేస్తే చిల్లిలోంచి నీరెక్కి ఒక గడియకు, అంటే ఇరవై నాలుగు నిమిషాలకు, మునుగుతుంది. పగలూ రాత్రీ కలిపి అరవై మునకలు. ఆ లెక్కతోనే ముహూర్తాలు, గ్రహణాలు చూసేవారట. వాళ్ల తాత ఇలాంటివి చేసేవాడట.

మా ప్రదర్శనశాల సూపరింటెండెంటు గారు 'రాగి పాత్ర' అని రాసేయమన్నారు. తనిఖీలో తప్పు బయటపడితే నా ఉద్యోగం ఖాయం కాదని ఆయన భయం. నేను మాత్రం దాన్ని మళ్లీ గడియారంగా చేయమని ఓబులయ్యను బతిమాలాను.

అతను లోపలి కళాయి గీకి, మేకు మధ్యలో సూదితో కొత్త చిల్లి పొడిచాడు. సూపరింటెండెంటు గారి చేతి గడియారం పెట్టుకుని ముగ్గురం గంగాళం చుట్టూ కూర్చున్నాం. ముప్పై ఒక్క నిమిషాలకు మునిగింది. సూది ఒక్క చుట్టు తిప్పాడు. చిన్న చిల్లిని పెద్దది చేయవచ్చు, పెద్దదాన్ని చిన్నది చేయలేం. మధ్యాహ్నానికి ఇరవై ఆరుకు వచ్చింది. ఇక చాలన్నారు సూపరింటెండెంటు గారు.

"మునక్కి రెండు నిమిషాలంటే దినానికి రెండు గంటలు తప్పు సామీ. పెండ్లి ముహూర్తం దాటిపోతాది."

సాయంత్రానికి సరిగ్గా ఇరవై నాలుగుకు గిన్నె బుడుంగుమంది. ఓబులయ్య పిల్లవాడిలా నవ్వాడు. రిజిస్టరులో అతని పేరు రాస్తానన్నాను.

"నా పేరొద్దు పాపా. తూటు కొత్తదని రాయి. ల్యాకుంటే నా తప్పు ఆ పాత కంచరికి అంటుతాది. ఆయప్ప శానా బాగా చేసినాడు."

అలాగే రాశాను. అసలు చిల్లిని పొరపాటున మూయించింది నేనేనని కూడా రాశాను. తనిఖీకి వచ్చిన అధికారి ఆ పేజీ చదివి, ఎవరిదీ రాత అని అడిగారు. లేచి నిలబడి, నాదేనన్నాను. ఆ ఏడు ఉద్యోగం ఖాయం కాలేదు, మరుసటి ఏడు అయింది.

వస్తువు బాగు చేసేముందు అది చేసే పనేమిటో అడగాలి. చేసిన బాగును కూడా రిజిస్టరులో చెప్పాలి. తరువాత నా కింద పనిచేసిన వారందరికీ మొదటి రోజు నేర్పింది ఈ రెండే.