ఉతికిన పరదా

ఆ ఉదయం కళ్లద్దాలు తుడుచుకుంటుంటే చున్నీ దారం ఒకటి అద్దానికి అంటుకుంది. దాన్ని తీస్తుండగానే ఫోన్ మోగింది. కృష్ణగిరి కాన్వెంటులో మాకు కుట్టుపని నేర్పిన మిస్, హోసూరులో తన ఇంట్లో చనిపోయారని చెప్పారు. మధ్యాహ్నానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఆమె ప్రపంచ ప్రఖ్యాత కళాకారిణి అయిపోయారు. అలా రాసినవాళ్లలో, ఆమె కుట్టు పీరియడ్ ఎత్తేసి ఆ గదిలో కంప్యూటర్లు పెట్టించినవాళ్లు కూడా ఉన్నారు.

మిస్‌కు మెచ్చుకోవడం రాదు. మేం కుట్టిన రుమాలు చేతికిస్తే ముందు వెనక్కి తిప్పేవారు. పైన పూలెంత బాగున్నా వెనక ముడులు కనిపిస్తే బల్ల మీద పడేసేవారు. క్లాసులో పెదవి విప్పని నన్ను చూసి ఒకసారి, "నోరు లేదు, సరే. చేతులన్నా ఉండాయా?" అన్నారు. నన్ను చూసి జాలిపడనిది ఆమె ఒక్కరే. అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

రిటైరయ్యాక ఆమె హోసూరు చిన్న వర్క్‌షాపుల చుట్టూ తిరిగి, లేతు మిషన్ల దగ్గర పనివాళ్లు చేతులు తుడుచుకునే గుడ్డలు అడిగి తెచ్చుకునేవారు. నూనె, గ్రీజు, వేళ్ల అచ్చులు ఉన్నవే కావాలి. వాటిని కలిపి పైకప్పు నుంచి నేల దాకా వేలాడే పరదాలు కుట్టారు. వీధిలో చెత్త మిస్ అని పేరు పెట్టారు. ఆ వీధే ఆమె పోయాక శ్రద్ధాంజలి బ్యానర్ కట్టింది.

జర్మనీలో నర్సుగా ఉన్న పాత విద్యార్థిని ఒకామె ఫోటోలు చూపిస్తే, అక్కడి ప్రదర్శనశాల వాళ్లు పరదాలు పంపమన్నారు. మిస్ పక్కింటి స్నేహితురాలు బట్టల ఎగుమతి కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. పార్సిల్ తానే కట్టిస్తానని పరదాల మూటలు తీసుకుపోయింది. తిరిగి తెచ్చినప్పుడు వాటి నుంచి సబ్బు వాసన వచ్చింది. మరకలన్నీ పోయాయి. ఇస్త్రీ కూడా చేసింది.

"మురికి గుడ్డలు పరాయి దేశానికి ఎట్ల పంపేదక్కా? మన పరువేం గావాల?" అందామె.

"ఆ మురికి చూపించేదానికే గదే పంపేది," అన్నారు మిస్. ఏళ్ల తరబడి చేసిన పని పక్కింటి డాబా మీద తెల్లగా ఆరి వచ్చింది. మిస్ అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

పరదాలు పంపే కాగితాల పని చూసిపెడుతున్న బెంగళూరు ఆర్టిస్టు ఒకాయన, పాత ఇంజిన్ ఆయిల్ కొని చల్లేద్దాం, ఎవరికీ తెలియదు అన్నాడు. ఈ రంగంలో అందరూ చేసేదే అన్నట్టు చెప్పాడు. "దొంగ మురికి నాకొద్దప్పా," అన్నారు మిస్. స్నేహితురాలిని అతను ఏదో అనబోతే ఆపేశారు. "దాన్ని తిట్టాలంటే నేను తిట్టాల. నీకేం పని?"

పరదాలు ఉతికినవి ఉతికినట్టే వెళ్లాయి. మిస్ ప్రయాణం కుదరలేదు. నర్సు తన తోటి నర్సులను పోగుచేసి, సెలవురోజున నిచ్చెనలెక్కి వాటిని వేలాడదీసింది. "నా స్నేహితురాలు మీ ముందు సిగ్గుపడి వీటిని ఉతికింది" అని పరదాల పక్కన పెట్టే పలక మీద రాయమన్నారు మిస్. ప్రదర్శనశాల వాళ్లు అది తీసేసి, జ్ఞాపకం గురించీ మౌనం గురించీ ఒక పేరా రాశారు. ఆ పేరా నేను చదివాను. అందులో ఒక్క మాటకు కూడా చెమట పట్టలేదు.

నర్సు వీడియో పంపింది. ఒక పెద్దమనిషి తెల్లటి పరదా ముందు కళ్లు తుడుచుకుంటున్నాడు. "లేనిదాన్ని చూసి ఏడుస్తుండాడు. ఉండింటే ముక్కు మూసుకుంటాడు," అన్నారు మిస్. ఫోన్ పక్కన పెట్టి, ఉతికినందుకు స్నేహితురాలిని మళ్లీ తిట్టారు. ఆమె తల వంచుకుని మిస్‌కు సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. మిస్ చూపు అప్పటికే తగ్గింది. చివరిదాకా వాళ్ల సాయంకాలాలు ఇలాగే గడిచాయి.

సంతాప సభ స్కూలు హాల్లోనే పెట్టారు. వక్తల్లో ఆ పరదాలను చూసినవాళ్లు లేరు. ఒకాయన, చదువురాని పక్కింటావిడ కళాఖండాన్ని సబ్బు పెట్టి ఉతికేసిందని జోకులా చెప్పాడు. హాలంతా నవ్వింది. ఆ స్నేహితురాలు హాలు వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. నన్ను మాట్లాడమన్నారు. తల అడ్డంగా ఊపాను. అక్కడ చెప్పవలసింది ఒక్కటే, ఇక్కడ రాస్తున్నాను.

మిస్‌కు చివరి స్నానం చేయించింది ఆ స్నేహితురాలే. చేతి వేళ్లు ఒక్కొక్కటీ తన కొంగుతో తుడిచింది.