గోడకి తాతయ్య పళ్లసెట్టు

అది గురువారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, షెడ్డు గుమ్మంలో అడుగుపెట్టిన మా బాబాయ్ మొదట చేసిన పని చేతిగడియారం చూసుకోవడం, రెండోది అరవడం. ఆ రోజుల్లో మా నిడదవోలు చుట్టుపక్కల మెకానిక్కు అంటే చెట్టు కింద గోనెసంచి పరిచి, దాని మీద సామాను కుప్ప పోసుకుని కూర్చునేవాడు. కావలసిన పానా ఎప్పుడూ కుప్ప అడుగునే ఉండేది. రాజమండ్రిలో ఒక మేస్త్రి దగ్గర ఆరేళ్లు అలాంటి కుప్పలు కెలికాను. నాకంటూ ఒక షెడ్డు ఉంటే నేల మీద ఒక్క నట్టు కూడా కనపడనివ్వకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను. (సామాను సర్దడం కూడా ఇప్పుడు క్లాసులు పెట్టి నేర్పుతున్నారట. నేను తిట్లు తిని నేర్చుకున్నాను, అందుకే మర్చిపోలేదు.)

ఇరవై నాలుగో ఏట ఇంటికొచ్చేసి, నన్ను పెంచిన బాబాయ్‌ని ఆయన కారు షెడ్డు అడిగాను. ఆ ఇంట్లో అందరికంటే ఆయన తెల్ల కారుకే మర్యాద ఎక్కువ. అయినా ఒప్పుకున్నాడు. "నెల రోజులు చూస్తాన్రా. నా షెడ్డు నీటుగా ఉంటే ఉంచుకో. లేకపోతే నా కారు లోపలికి, నువ్వు రాజమండ్రికి" అన్నాడు. కారుని బయట వేపచెట్టు కింద పెట్టి, షెడ్డు తాళంచెవి మాత్రం తన బొడ్లోనే ఉంచుకున్నాడు. పొద్దున్న ఆయనే తీసేవాడు, సాయంత్రం ఆయనే వేసేవాడు.

మూడు రోజులు పని మానేసి షెడ్డు సర్దాను. గుమ్మానికి ఎదురుగా వెలుతురు పడేచోట బల్ల, దాని చివర ఇనుము బిగించి పట్టే వైసు, నూనె డబ్బాలన్నీ కింది అరలో. గోడకి తెల్లసున్నం వేసి, మేకులు కొట్టి, సామాను తగిలించి, ఒక్కొక్కదాని చుట్టూ నల్లరంగుతో గీత గీశాను. అప్పటికి నాకు అంకెలు తప్ప అక్షరం రాదు, పేర్లు రాసే ప్రశ్నే లేదు. అయినా పేర్లకంటే నా గీతలే నయం. సుత్తి తీస్తే గోడ మీద సుత్తి బొమ్మ ఉంటుంది, ఏది లేదో గుమ్మంలోంచే తెలిసిపోతుంది. జిల్లా మొత్తం మీద అలాంటి షెడ్డు లేదని నా నమ్మకం. (ఇప్పటికీ అదే నమ్మకం.)

వారం తిరిగేసరికి గోడ మీద బొమ్మలే మిగిలాయి. మావాళ్లు అడిగే పద్ధతి అలాంటిది. "బాబూ, ఒక్క నిమిషం ఇప్పిస్తారేంటి, ఇలా వెళ్లి అలా తెచ్చేస్తానండి" అని వయసులో చిన్నవాణ్ణి పట్టుకుని అండి అంటే కాదనడం ఎలా? తీసుకున్నవాళ్లు అలా వెళ్లేవారు గానీ ఇలా వచ్చేవారు కాదు. ఎవరు ఏది పట్టుకెళ్లారో రాసుకుందామంటే రాత లేదు. ఆలోచించి ఒక రూలు పెట్టాను. ఏ సామాను తీసుకున్నా, ఆ బొమ్మ మీద తీసుకున్నవాళ్ల వస్తువేదైనా తగిలించి వెళ్లాలి. అదీ వాళ్లకి లేకపోతే పని జరగని వస్తువై ఉండాలి. ఎవరికీ మినహాయింపు లేదు.

రూలు బ్రహ్మాండంగా పనిచేసింది. పక్కింటి మాస్టారు స్క్రూడ్రైవరు తీసుకుని కళ్లజోడు తగిలించేవారు. (కళ్లజోడు లేక స్క్రూ కనపడక మళ్లీ వచ్చేవారు, అది వేరే సంగతి.) యానాం మావయ్య, అంటే ఏ పనీ లేకపోయినా వారానికోసారి యానాం వెళ్లొచ్చే మా మావయ్య, సుత్తి పట్టుకుని ఒక చెప్పు వదిలి కుంటుకుంటూ పోయేవాడు. ఆత్రేయపురం పిన్ని కత్తిపీట నూరడానికి ఆకురాయి తీసుకుని, పుట్టింటి నుంచి తెచ్చిన పూతరేకుల సంచి తగిలించేది. గోడ మీద చీమలు బారులు తీరితే రూలు బాగా నడుస్తోందని నాకు గర్వంగా ఉండేది.

ఆ గురువారానికి నెల నిండింది. బాబాయ్ ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చాడు. నేల అద్దంలా ఉంది. నేల చూసి తల ఊపి, గోడ చూశాడు. కళ్లజోడు, చెప్పు, చీమలు పట్టిన సంచి, వాటి మధ్య మేకుకి దారం కట్టి వేలాడుతున్న పళ్లసెట్టు.

"ఏంట్రా ఇదీ?"

"తాతయ్య పళ్లు, బాబాయ్."

"మా నాన్న పళ్లని నాకు తెలీదంట్రా! గోడకెందుకున్నాయి?"

"బట్టలారేసే తీగ బిగించాలని పట్టకారు తీసుకెళ్లారండి. టిఫిన్ ఇడ్లీలే, పళ్లక్కర్లేదన్నారు."

ఆ అరుపులకి పక్కింటి మాస్టారు వచ్చారు, మావయ్య ఒంటిచెప్పుతో వచ్చాడు, పిన్ని ఆకురాయితో సహా వచ్చింది, తాతయ్య పట్టకారు ఊపుకుంటూ వచ్చాడు. "నా షెడ్డుని పాతసామాన్ల కొట్టు చేశావు. సర్దుకో నీ సంచి. కారు ఇప్పుడే లోపల పెట్టేస్తాను" అని బాబాయ్ విసురుగా వెళ్లి కారెక్కాడు. రాజమండ్రి మేస్త్రి మొహం, ఆ కుప్ప, అన్నీ కళ్లముందు తిరిగాయి.

కారు దగ్గింది. మళ్లీ దగ్గింది. తర్వాత దగ్గడం కూడా మానేసింది. నెల్లాళ్లు మంచులో ఉందేమో, బ్యాటరీ మీద చిలుము పట్టి నట్టు వదులైపోయింది. నేను ముందుకి కదిలాను.

"నువ్వు ముట్టుకోకు! పానా తెచ్చుకుంటా, నేనే బిగించుకుంటా" అంటూ బాబాయ్ లోపలికొచ్చి, సరిగ్గా కావలసిన పానా మీదే చెయ్యి వేశాడు. వెతకలేదు, అడగలేదు. అక్కడే ఉంది కాబట్టి తీసుకున్నాడు. అక్కడ నా నోరు ఊరుకోవాలి కదా?

"ఏదైనా తగిలించండి, బాబాయ్" అన్నాను.

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి తాతయ్యే బోసినోటితో అందుకున్నాడు. "నేను పళ్లే ఇచ్చానురా అబ్బాయ్. నీకేం పోయేకాలం?"

బాబాయ్ జేబు తడుముకున్నాడు, ఏమీ లేదు. చేతిగడియారం విప్పబోయి ఆగాడు. పానా ఒకసారి చూశాడు, దాని బొమ్మ ఒకసారి చూశాడు. బొడ్లోంచి షెడ్డు తాళంచెవి తీసి, ఆ మేకుకి తగిలించి, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు. నట్టు బిగించాడు. కారు ఒక్క తిప్పుకి లేచింది. షెడ్డువైపు తిప్పకుండా తణుకు రోడ్డు పట్టి పోయాడు.

సాయంత్రం కారు వేపచెట్టు కిందే ఆగింది. "పానా, బాబాయ్?" అన్నాను. "ఎక్కడో పెట్టాను, వెతకాలి" అన్నాడు. మర్నాడు అడిగినా అదే మాట, మరుసటేడు అడిగినా అదే మాట. ఆయన పోయాక కారు తుడుస్తుంటే సీటు కింద శుభ్రమైన గుడ్డలో చుట్టి కనపడింది, తుప్పు చుక్క లేదు. ఏడాదికోసారైనా నూనె రాసి ఉంటాడు. మళ్లీ అలాగే చుట్టి అక్కడే పెట్టేశాను. అది తెచ్చి గోడకి పెడితే తాళంచెవి తీసెయ్యాలి కదా. రూలంటే రూలే.

నలభై దాటాక మా ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. ఇప్పుడు కావాలంటే గోడ నిండా పేర్లు రాయగలను, రాయలేదు. ఇక్కడ మాత్రం రాస్తాను. ఆ గురువారం అక్కడున్నది పళ్లసెట్టు తగిలించిన తాతయ్య, కళ్లజోడు తగిలించిన పక్కింటి మాస్టారు, చెప్పు తగిలించిన యానాం మావయ్య, పూతరేకుల సంచి తగిలించిన ఆత్రేయపురం పిన్ని, తాళంచెవి తగిలించిన బాబాయ్. ఇంకా నేను. షెడ్డుకి షెడ్డే అరువు తీసుకుని, గోడకి ఏమీ తగిలించకుండా రూలు మాట్లాడినవాణ్ణి.