మేతకొట్టు ముందు తేలిన లెక్క

భీమరాజుగారు భీమవరం చుట్టుపక్కల పల్లెలకు ఓ పత్రిక విలేకరి. ఊరిబడిలో ఎనిమిదో తరగతితో చదువాగినా, జేబులో రెండు పెన్నులు లేకుండా గుమ్మం దాటరు. టీకొట్టు దగ్గర నలుగురు కనిపిస్తే చాలు, "కాలవ మీద వంతెన ఎవరి వార్తకొచ్చిందండీ? ఆసుపత్రికి డాక్టరు ఎవరు రాస్తే వచ్చాడండీ?" అంటూ వేళ్లు మడిచి చెబుతారు. అంకె లేని వార్త ఉప్పు లేని పప్పని ఆయన నమ్మకం. అందుకే రొయ్యల సాగు గురించి రాయమన్నప్పుడు, రొయ్యల మేత అమ్మే కొట్టు ముందు కుర్చీ వేయించుకుని, మేత కొనడానికొచ్చిన ప్రతి రైతునూ అడిగారు. 'రొయ్యల సాగులో నూటికి తొంభైమందికి లాభం' అని పెద్ద అక్షరాలతో పడింది.

మరుసటేడు తెల్లమచ్చ తెగులొచ్చి చెరువుల్లో రొయ్యలు చచ్చాక, ఆ వార్త చూసే వరిచేను చెరువుగా తవ్వించిన చిట్టియ్య ఎదురుపడ్డాడు. "ఏమయ్యా, మేతకొట్టు వైపే రావటంలేదేంటి?" అన్నారు రాజుగారు. చిట్టియ్య నవ్వాడు. "చెరువు పోయినోడికి మేతకొట్టుతో పనేంటండి?" ఆ మాట రాజుగారికి ముల్లులా దిగింది. ఆనాడు తాను అడిగిందంతా చెరువు నిలిచినవాళ్లనే. పోయినవాళ్లు ఆ గడపే తొక్కలేదు, వాళ్లెందరో తాను వెతకనూ లేదు. "పోన్లెండి, ఆ పదిమందిలో పడ్డాను. ఇల్లు తాకట్టెట్టి మళ్లీ రొయ్యపిల్ల వేత్తన్నానండి. ఈసారి తొంభైలో పడతాను" అన్నాడు చిట్టియ్య. రాజుగారు అతని సైకిలు హ్యాండిల్ పట్టుకున్నారు. "వద్దయ్యా. నేను రాసింది తప్పు. ఆ లెక్కే తప్పు" అని, జన్మలో ఎన్నడూ అనని మాట అన్నారు. చిట్టియ్య ఆయన చేతిని మెల్లగా తప్పించాడు. "ఊరుకోండి రాజుగారూ! పేపర్లో పడ్డది తప్పెలా అవుద్దండి?" అంటూ సైకిలెక్కాడు.