ఒకే కొలత, రెండు ట్యాంకులు

1966 ఫిబ్రవరిలో నన్ను నిర్మల్‌లోని ప్రభుత్వ బొమ్మల తయారీ కేంద్రానికి సూపర్‌వైజర్‌గా వేశారు. యుద్ధం ముగిసి కొన్ని నెలలే అయింది. కరీంనగర్‌లో పెట్టే ప్రదర్శనకు మన ట్యాంకు, శత్రువు ట్యాంకు నమూనాలు చేసి పంపమని ఉత్తర్వు వచ్చింది. ప్రదర్శన తర్వాత అవి సైనిక శిక్షణ పొందే కాలేజీ కుర్రాళ్ల శిబిరానికి వెళ్లాలి. దూరం నుంచి ఆకారం, పరిమాణం చూసి బండి మనదో పరాయిదో చెప్పడం వాళ్లకు నేర్పుతారు. రేపు యుద్ధంలో పొరపడినవాడు మనవాళ్ల మీదే గుండు పేలుస్తాడు. అందుకని రెండు నమూనాలకూ ఒకే కొలత పెట్టాం. అసలు బండిలో రెండడుగులు, నమూనాలో ఒక అంగుళం.

కొలతలు చెప్పడానికి హవల్దార్ మల్లయ్య వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. యుద్ధంలో ట్యాంకు నడిపి, మోకాలి కింద కాలు పోగొట్టుకున్నాక శిబిరంలో శిక్షకుడయ్యాడు. చెక్కినవాడు మా కేంద్రంలో పెద్ద పనివాడు, తరతరాలుగా బొమ్మలు చేసే నకాషీల ఇంటి లింబయ్య. పొనికి కర్ర తేలిక, ఉలికి మెత్తగా లొంగుతుంది. అతుకులకు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి పెడతారు. అది ఆరాక సుద్ద పూసి రంగు వేస్తారు. లింబయ్య అలవాటు కొద్దీ పైన మెరుగు కూడా పెట్టాడు.

"గిదేంది మామా, ట్యాంకు పెండ్లికి పోతుందా?" అన్నాడు మల్లయ్య.

"మెరవకుంటె బొమ్మెట్లయితది అల్లుడా?" అని లింబయ్య గొణిగాడు. చివరికి రంగులో సుద్దపొడి కలిపి ఆ మెరుపును చంపాం.

మన ట్యాంకు శత్రువుదాని కంటే చిన్నగా వచ్చింది. నిజంగానే అది చిన్నది.

ప్రదర్శనకు ముందు మా పైఅధికారి చూడటానికి వచ్చాడు. "మనది ఇంత చిన్నదా? జనం ఏమనుకుంటారు? ఒకటిన్నర రెట్లు పెంచి ఇంకోటి చేయించండి. బోర్డు మీద కొలత మాత్రం అదే ఉండనివ్వండి" అన్నాడు.

లింబయ్యకు అందులో తప్పు కనిపించలేదు. "రాజును పెద్దగ, బంటును చిన్నగనే జేస్తం గద సార్. తాతల కాన్నుంచి గదే రివాజు" అన్నాడు. అతన్ని నేను తప్పుపట్టను. దర్బారు బొమ్మల కింద ఎవరూ కొలత రాయరు. ఈ అధికారి మాత్రం కొలత రాసి మరీ అబద్ధమాడమంటున్నాడు.

మల్లయ్య గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. "గీ చిన్నదాంట్ల కూసొనే గా పెద్దదాన్ని కొట్టినం సార్. మా వాళ్లు దీంట్లనే కాలిపోయిండ్రు. బండిని పెద్దగ జేస్తె, వాళ్లు జేసింది చిన్నగయితది."

"నీ ఉపన్యాసం ఎవరడిగారు?" అన్నాడు అధికారి. ఆ మాట గుర్తొస్తే ఈ వయసులోనూ నా ఒళ్లు మండుతుంది.

కేంద్రం నుంచి బయటికి పోయే ప్రతి వస్తువు అడుగునా సూపర్‌వైజర్ పేరున్న ముద్ర ఉండాలి. పని సరిగా ఉందని పూచీ పడటమే ఆ ముద్ర. మా బాపు చర్చిలో సంఘకాపరి. దొంగ కొలత దేవునికి అసహ్యమని ఇంట్లోనూ ఆదివారం ఆరాధనలోనూ వింటూ పెరిగాను. అంగట్లో పాపమైనది దేశం పేరు చెబితే పుణ్యమవుతుందా? ముద్ర వేయనన్నాను. జైనూరు అడవుల్లో ఖాళీ ఉంది, వెళతారా అని అధికారి అడిగాడు. దేవుడు అక్కడా ఉన్నాడన్నాను. వారం తిరగకుండా బదిలీ ఉత్తర్వు చేతికొచ్చింది.

పెద్ద ట్యాంకు కరీంనగర్ వెళ్లింది, జనం చప్పట్లు కొట్టారు. ప్రదర్శన ముగిశాక అది శిబిరానికి చేరింది. జైనూరు వెళ్లేముందు నేను చిన్నదాన్ని గుడ్డలో చుట్టుకొని శిబిరానికి పోయాను. మల్లయ్య నన్ను చూసి నమస్కారం కూడా పెట్టలేదు. పెద్దదాన్ని తిప్పి అడుగు చూపించాడు.

"వేయనంటివి గద సార్. మరి గిదేంది?"

అక్కడ నా ముద్ర ఉంది. నా బల్ల సొరుగులోంచి తీసి, నేను లేనప్పుడు కొట్టించారు. దేవుని యెదుట నేను కాదన్న అబద్ధానికి నన్నే సాక్షిగా నిలబెట్టారు.

చాకు అడిగాను. కుర్రాళ్లందరూ చూస్తుండగా ఆ ముద్రను కర్ర కనిపించేదాకా గీకేశాను. జైనూరుకు సర్దుకున్న సంచిలోంచి నా ముద్ర తీసి చిన్నదాని అడుగున వేశాను. మల్లయ్య దాన్ని శత్రువు ట్యాంకు పక్కన పెట్టి, పెద్దదాన్ని బల్ల కిందికి తోసి, పాఠం మొదలుపెట్టాడు.

ముద్ర వేయనని చెప్పడం సగం పనేనని నాకు అక్కడ తెలిసింది. దాన్ని ఇంకొకరి చేతికి అందకుండా కాచుకోవడం మిగతా సగం. పదవీ విరమణ దాకా నా ముద్ర సొరుగులో పెట్టలేదు. చొక్కా జేబులోనే ఉండేది.