తొందరపడి చెప్పిన సాక్ష్యం

అమీర్‌పేటలో ఏ హోటల్లో టాయిలెట్ ఉందో, ఎక్కడ అడిగి వెళ్లి రావచ్చో మా డాడీకి కంఠతా వచ్చు. ప్రొస్టేట్ గ్రంథి పెరిగిన మనిషికి ఊరు అలాగే కనిపిస్తుంది కాబోలు. సనత్‌నగర్‌లో లేత్ మిషన్ ముందు జీవితమంతా నిలబడిన మనిషి, ఆదివారం ఆరాధనలో కుదురుగా కూర్చోలేక వెనక తలుపు పక్కకు చేరాడు. అమ్మ పోయాక మేమిద్దరమే. చూడలేక పంజాగుట్టలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

కోత లేదంది. మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపి, గ్రంథికి రక్తం మోసే నాళాల్లోకి ఇసుక రేణువుల్లాంటి పూసలు వదులుతారట. రక్తం అందక గ్రంథి కుంచించుకుపోతుందట.

"అంటే గా గడ్డకు నల్లా బంద్ చేస్తరన్నట్టు," అని డాడీ నవ్వాడు.

ఆ పూసలు దారి తప్పి పక్క నాళంలోకి పోవడం చాలా అరుదని, అయినా మూత్రంలో రక్తం ఆగకపోతే, నొప్పి పెరిగితే, జ్వరమొస్తే వెంటనే రమ్మని చెప్పింది. ఇద్దరం తలూపాం.

చేయించుకున్న తర్వాతి ఆదివారానికి కొంచెం తేలిగ్గా ఉందన్నాడు. మా సంఘంలో పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. మేలు పొందినవాళ్లు లేచి అందరి ముందూ చెప్పాలి. డాడీ మైకు అందుకున్నాడు. "కోత లేకుంట దేవుడు నన్ను బాగుచేసిండు. ఇగ నాకు ఏ ఫికర్ లేదు," అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అందరికంటే గట్టిగా అన్నాను.

ఆ వారంలోనే తన బట్టలు తానే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. "ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది డాడీ," అని ఆటపట్టించాను. ఆయనా నవ్వాడు. అన్నం సగంలో వదిలేసి లేస్తుంటే అడిగాను. "ఆకలైతలేదు బిడ్డా," అన్నాడు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి దుప్పటి కప్పుకుని వణికిపోతున్నాడు. బాత్రూంలో బకెట్‌లో నానేసిన లుంగీ. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆటోలో ఆసుపత్రి దాకా ఆయన మీద అరుస్తూనే ఉన్నాను.

"ఎందుకు చెప్పలే డాడీ?"

"సాక్ష్యం చెప్పిన గద బిడ్డా. మళ్ల నొస్తుందంటే దేవుని పేరు పోతది. నువ్వు సుత సంఘంల చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను.

కొన్ని పూసలు మూత్రాశయానికి రక్తమిచ్చే నాళంలోకి పోయాయి. దాని గోడలో కొంత భాగం చచ్చిపోయి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. నొప్పి మొదలైనప్పుడే వచ్చి ఉంటే అని డాక్టరమ్మ ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఆపరేషన్ చేశారు. డాడీ దక్కలేదు.

నాకు దేవుడి మీద కోపం రాలేదు, డాక్టర్ మీదా రాలేదు. డాడీ మీదే వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. దేవుడి పరువును ఈయన బకెట్‌లో నానేసి కాపాడాలా? అయినా మాటిచ్చాను కాబట్టి సంఘంలో జ్వరంతో పోయాడనే చెప్పాను.

మొన్న ఆరాధనయ్యాక మా సంఘపెద్ద, రాజమండ్రి వైపు ఆయన, చెప్పులేసుకుంటూ నా దగ్గర ఆగారు.

"అమ్మా, నాకూ అదే చేస్తామంటున్నారు. నాన్నగారికి బాగా పనిచేసింది కదా?"

ఆయన ముఖంలో ఆశ చూశాక మాట నిలబెట్టుకోలేకపోయాను.

"చేయించుకోండి అంకుల్, చాలామందికి నయమవుతుంది. కానీ మళ్లీ నొప్పొస్తే, రక్తం పడితే, సాక్ష్యం చెప్పేశానని ఊరుకోవద్దు. ఆ రోజే ఎవరికైనా చెప్పండి."

ఆయన రెండో చెప్పు వేసుకోవడం ఆపేశారు. "నాన్నగారు చెప్పలేదా అమ్మా?"

"లేదంకుల్. నాకు కూడా చెప్పలేదు."