కారం బూరె, ఎయిర్‌పోర్టు లింకు

పెళ్ళిపీటల మీంచి లేచాక మా బావ తిన్న మొదటి బూరెలో పూర్ణానికి బదులు పచ్చిమిరప ముద్ద కూరింది నేనే. కొత్తల్లుణ్ని మరదళ్ళు అలా ఏడిపించడం మా శృంగవరపుకోట వైపు మామూలే. అప్పుడు తీసిన ఫోటో నా దగ్గర భద్రంగా ఉంది. ఆనాటి నుంచి నేనేం చెప్పినా వేళాకోళమనే అనుకునేవాడు.

గజపతినగరంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే బావ, భోగాపురం ఎయిర్‌పోర్టు పనులింకా మొదలుకాని రోజుల్లో ఒక ఆదివారం అక్కతో మా ఇంటికొచ్చి నా లాప్‌టాప్‌లో తన మెయిల్ తెరిచాడు.

"భోగాపురం ఎయిర్‌పోర్టులో ఆఫీసరుద్యోగం ఇస్తారంట. ఈ లింకు నొక్కి వివరాలు నింపడమే. రేపు బడి ఒగ్గేస్తన్నాను."

రాజీనామా కాగితం జేబులోనే ఉంది. అక్కకు ఏడో నెల.

"అక్కడింకా జీడితోటలే కద బావా. దిగితే కాకులు దిగాలి. ముందు ఆ లింకు సంగతి సూడు."

"పైన ఎయిర్‌పోర్టని రాసుంటే నీకు కనబడ్నేదేటి? నీ ఎగతాళి నీకాడే ఉంచుకో."

ఇక చెప్పి లాభం లేదు. వంటింట్లోకి వెళ్ళి ఫోన్లో కొత్త మెయిల్ అకౌంటు తెరిచి ఆయనకొకటి పంపాను. లింకు మీద ‘ఎయిర్‌పోర్టు ఇంటర్వ్యూ వివరాలు’ అని రాశాను. నొక్కితే మాత్రం నేనెప్పుడో నెట్‌లో ఎక్కించిన ఆ పెళ్ళిఫోటో తెరుచుకుంటుంది.

బావ చటుక్కున నొక్కాడు. తెర నిండా తనే, కళ్ళ నిండా నీళ్ళతో, నాలుక బయటపెట్టి. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఒసే, ఇదేటే?"

"పైన రాసింది బూరెకి పైపిండి బావా. ఎవరేదైనా రాస్తారు. నొక్కకుండా బాణం గుర్తు లింకు మీద పెట్టి తెర అడుగున సూడు. లోపలేటుందో తెలుస్తాది."

తన ఉద్యోగం మెయిల్ తెరిచి అలాగే చేశాడు. అడుగున కనిపించిన చిరునామాలో ఎయిర్‌పోర్టూ లేదు, ప్రభుత్వమూ లేదు. ఏదో విదేశీ చెప్పులకొట్టు పేరు, దాని వెనక బారెడు అంకెలు. బావ దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఎంత ఆశపడ్డాడో పాపం, నాకు జాలేసింది. చివరికి జేబులోని కాగితం తీసి ముక్కలు చేశాడు. అక్క అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

అమ్మ బూరెలు వేస్తోంది. నేనే ప్లేటులో రెండు పెట్టిచ్చాను. మొదటిదాన్ని విరిచి, లోపల పూర్ణమే ఉందని చూసుకుని తిన్నాడు.

"ఇకమీద నీ మాట నమ్ముతాను మరదలా" అంటూ రెండోదాన్ని విరవకుండానే నోట్లో పెట్టుకున్నాడు.

కారం రెండోదానిలో ఉంది.